పదో స్థానం జట్టుకూ తలుపు తెరిచే ఉంచండి

అందరికీ నమస్కారం. కమిటీ పెద్దలకు, పొద్దుట్నుంచి నిలబడే ఉన్న రిఫరీలకు, కేరీ, మోరిస్‌విల్ నుంచి పిల్లల్ని తీసుకొచ్చిన అమ్మానాన్నలకు వందనాలు. నన్ను కప్పు అందించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. కానీ ఇందాక చేసిన ప్రకటన విన్నాక ఊరుకోలేకపోతున్నాను. వచ్చే ఏడాది నుంచి మన పిల్లల బాస్కెట్‌బాల్ లీగ్‌లో మొదటి నాలుగు జట్లకే టోర్నమెంటట. మిగతా నాలుగూ ఇంటికేనట. ఇది తప్పండీ. రాలీ పక్కన ఉంటున్న మనం చేయాల్సిన పనేనా ఇది?

2024 మార్చి గుర్తు చేసుకోండి. మన రాలీ యూనివర్సిటీ జట్టు ఎన్‌సీ స్టేట్ వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడి, పదో సీడ్‌గా, అంటే పదో స్థానంతో, వాషింగ్టన్‌లో ఏసీసీ టోర్నమెంటుకు వెళ్లింది. ఏసీసీ అంటే అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్, యూనివర్సిటీ జట్ల లీగ్. కప్పు కొడితేనే నేషనల్ టోర్నమెంటుకు దారి, లేదంటే సీజన్ అయిపోయినట్టే. మంగళవారం లూయీవిల్, బుధవారం సిరక్యూస్, గురువారం డ్యూక్. రోజుకో మ్యాచ్, ఒక్క రోజు కూడా విశ్రాంతి లేదు.

శుక్రవారం వర్జీనియా. ఇది మాత్రం తీరిగ్గా చెప్పనివ్వండి. ఐదు సెకన్లు మిగిలాయి, మనం మూడు పాయింట్లు వెనక. వర్జీనియా వాళ్ల చేతిలో ఫ్రీ త్రో. అది పడితే కథ ముగిసినట్టే. పడలేదు. మైకేల్ ఓకానెల్ బంతి అందుకుని కోర్టు పొడవునా పరుగెత్తి, మూడు పాయింట్ల గీత బయట నుంచి విసిరాడు. బంతి బోర్డుకు తగిలి రింగులో పడింది. 58-58! మా ఇంట్లో మా అమ్మగారికి బాస్కెట్‌బాల్ ఓనమాలు తెలియవు, ఆవిడ కూడా లేచి నిలబడ్డారు. ఓవర్‌టైమ్‌లో 73-65తో గెలిచాం. శనివారం నార్త్ కరోలైనాను 84-76తో ఓడించాం. 1987 తర్వాత మళ్లీ అప్పుడే ఏసీసీ కప్పు! అక్కణ్నుంచి ఏకంగా ఫైనల్ ఫోర్, అంటే నేషనల్ టోర్నమెంటు సెమీఫైనల్ దాకా వెళ్లాం.

మొదటి నాలుగు జట్లకే అని ఉంటే ఇదంతా జరిగేదా? చెప్పండి!

1974లో నియమం ఇంకా కఠినంగా ఉండేది. ఏసీసీ లాంటి ఒక్కో కాన్ఫరెన్స్ నుంచి ఒక్క జట్టుకే నేషనల్ టోర్నమెంటు. గ్రీన్స్‌బరోలో ఏసీసీ ఫైనల్లో ఇదే ఎన్‌సీ స్టేట్ ఓవర్‌టైమ్‌లో 103-100తో మేరీలాండ్‌ను ఓడించింది. దేశంలో అంత గొప్ప జట్టయిన మేరీలాండ్, మూడు పాయింట్ల తేడాతో ఆ దారి కోల్పోయింది. మరుసటి ఏడాదే నియమం సడలించి 32 జట్లను ఆడించారు. తలుపు వెడల్పు చేశాక ఆట పెరిగిందే గానీ తగ్గలేదు.

మరి ఇప్పుడేం జరుగుతోంది? ఏసీసీలో జట్లు 18 అయ్యాయి, 2025లో టోర్నమెంటుకు 15 జట్లనే పిలిచారు. బయట ఉండిపోయిన మూడింటిలో ఎన్‌సీ స్టేట్ ఒకటి. అంతకుముందు ఏడాదే కప్పు గెలిచిన జట్టుకు ఆడే చోటే లేదు! నాకైతే ఆ వారమంతా టీవీ పెట్టబుద్ధి కాలేదు.

మన దగ్గర ఎనిమిదో స్థానంలో ఉన్న జట్టు పిల్లాడొకడు పొద్దున వచ్చి, "అంకుల్, వచ్చే ఏడు మాకు మ్యాచ్ ఉండదా?" అని అడిగాడు. షూ లేసు కూడా విప్పలేదు వాడింకా. నేనేం చెప్పాలి?

కమిటీ వారూ, మీ ఇబ్బంది హాలు అద్దె అని నాకు తెలుసు. ఎనిమిది జట్లూ ఆడాలంటే ఇంకో పూట కావాలి, అంతే కదా. ఆ పూట అద్దె నేను కడతాను. స్కోరు బల్ల దగ్గర కూర్చునేవాళ్లు కావాలి. ఎవరు వస్తారో ఇప్పుడే చేతులెత్తండి.