చదువు ఎక్కదని మనం తేల్చేసిన పిల్లలు
(విజయనగరంలో ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

“వీడికి చదువు ఎక్కదు” అని మనం తేల్చేసిన పిల్లల్లో కొందరికి కావలసింది ట్యూషన్ కాదు, కళ్లజోడు. చైనాలోని గాన్సు, షాన్షీ పల్లె బడుల్లో చూపు తక్కువున్న పిల్లలకు ఉచితంగా కళ్లజోళ్లు ఇచ్చి చూశారు. 2014లో వెలువడిన ఆ అధ్యయనంలో లెక్కల మార్కులు పెరిగాయని తేలింది.

అన్నిసార్లూ ఇంత సూటిగా జరగదు. కెన్యా బడుల్లో నులిపురుగుల మాత్రలు ఇచ్చినప్పుడు పిల్లలు బడికి రాని రోజులు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. మార్కులు మాత్రం పెరిగిన దాఖలా దొరకలేదు. ఇది దాచకుండా చెబుతున్నాను. మాత్ర పిల్లవాణ్ణి బడికి తెస్తుంది, పాఠం చెప్పాల్సింది మనమే.

ఇక మన సంగతి. చెప్పుల్లేకుండా గట్ల మీద, మళ్లలో తిరిగే పిల్లల పాదాల చర్మం గుండానే కొంకి పురుగు అనే నులిపురుగు లోపలికి పోతుంది. పేగును పట్టుకుని రక్తం పీలుస్తుంది. రక్తం తగ్గిన పిల్ల రెండో పీరియడ్‌కే తల వాల్చేస్తుంది, మనమేమో శ్రద్ధ లేదంటాం. ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్, ఆరో తరగతి నుంచి వారం వారం ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర ఇందుకే.

ఆ నీలం మాత్రను ఎలా ఇస్తున్నామో కాస్త చూడండి. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం పుడుతుంది. ఒక పిల్ల వాంతి చేసుకుంటే మర్నాటికి తరగతిలో సగం మంది భయపడతారు. మాత్రను గుప్పిట్లో దాచి కిటికీలోంచి పారేస్తారు, రిజిస్టరులో మాత్రం మింగినట్టే ఉంటుంది. మలం నల్లగా వస్తే ఇంట్లో తల్లి హడలిపోతుంది. అది మాత్రలోని ఇనుము వల్లేనని ముందే చెబితే ఆ భయం ఉండదు. మధ్యాహ్న భోజనం అయ్యాక ఇవ్వండి, మీ ఎదుటే మింగించండి. టీ మాత్రం వెంటనే తాగనివ్వకండి, ఇనుము ఒంటికి పట్టదు. ఇంట్లో చోడి (రాగి) అంబలి మానిపించవద్దని కూడా తల్లులకు చెప్పండి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆరోగ్య పరీక్షల కార్డు. బడికి వైద్య బృందం వస్తుంది, కళ్లు, పళ్లు, గుండె చూస్తుంది, పెద్దాసుపత్రికి వెళ్లమని రాస్తుంది. కార్డు బీరువాలోకి పోతుంది. మెంటాడ నుంచి విజయనగరం ఆసుపత్రికి రావాలంటే ఆ తల్లికి ఒకరోజు కూలి పోతుంది. వెంట ఎవరూ లేకపోతే ఓపీ చీటీ ఎక్కడ రాయించుకోవాలో తెలియక వెనుదిరుగుతుంది కూడా. ఇది ఆమె నిర్లక్ష్యం అనడానికి నాకు నోరు రాదు.

అందుకే అడుగుతున్నాను. కార్డులో ఆసుపత్రికి రాసిన పిల్లల పేర్లు తరగతి ఉపాధ్యాయుడి దగ్గర కూడా ఉండాలి. వెళ్లారా, మందు దొరికిందా, కళ్లజోడు వచ్చిందా అని నెలకోసారి ఊరి నర్సు ఏఎన్‌ఎంతో కూర్చుని చూడండి. పక్కవాడి నోటు చూసి రాసుకునే పిల్లవాణ్ణి కాపీ కొడుతున్నాడని కొట్టే ముందు, బోర్డు మీది అక్షరాలు దూరం నుంచి చదివించండి. జోడు వచ్చేదాకా వాణ్ణి ముందు వరుసలో కూర్చోబెట్టండి.