చెరువుకి అజీర్తి చేస్తే

చెరువు చుట్టూ నిట్టనిలువుగా రాతి గోడ కట్టి, మధ్యలో ఫౌంటెన్ పెట్టి, రంగు లైట్లు వేసి "చెరువును కాపాడేశాం" అంటారు చూడండి, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. కొన్నాళ్లకే నీళ్లు పచ్చగా చిక్కబడతాయి, చేపలు చచ్చి తేలతాయి. అప్పుడు "ఎవరో విషం కలిపారు" అని గొడవ. చాలాసార్లు ఎవరూ ఏమీ కలపరండీ. చెరువుకి అజీర్తి చేస్తుంది, అంతే.

చెరువంటే నీళ్ల ట్యాంకు అనుకోవడం దగ్గరే తేడా కొడుతోంది. ట్యాంకులో ఏది పోస్తే అది అలాగే ఉంటుంది. చెరువు మాత్రం తనలో పడ్డదాన్ని అరిగించుకుంటుంది, మన పొట్టలాగ. ఈ వీడియో అంతా ఈ పొట్ట పోలికతోనే లాగిస్తాను, విసుగొస్తే తిట్టుకోండి.

[తెర మీద: 1.5 గ్రాములు]

ఒక మనిషి మలమూత్రాల్లో రోజుకి సుమారు 1.5 గ్రాముల ఫాస్ఫరస్ పోతుంది. ఒక్క చిటికెడు. అది నేరుగా చెరువులో పడిందనుకుందాం.

నాచు ఒంట్లో కార్బన్, నైట్రోజన్, ఫాస్ఫరస్ పరమాణువులు దాదాపు 106:16:1 లెక్కన ఉంటాయి. దీన్ని రెడ్‌ఫీల్డ్ నిష్పత్తి అంటారు. కార్బన్ గాల్లో ఉంది. నైట్రోజన్ కూడా, నీలి ఆకుపచ్చ నాచులో కొన్ని రకాలు గాల్లోంచే లాక్కుంటాయి. ఫాస్ఫరస్ అలా దొరకదు, ఎక్కడినుంచో కొట్టుకురావాలి. అది అందిందా, ఇక పండగే. 1 గ్రాముకి 110 గ్రాములకు పైగా ఎండు నాచు తయారవుతుంది. మన చిటికెడుకి 170 గ్రాములు. అదీ ఎండబెట్టి తూచిన బరువు.

ఆ నాచు చచ్చి అడుగుకి దిగాక బ్యాక్టీరియా తింటుంది. మొత్తం కుళ్లడానికి 210 గ్రాముల ఆక్సిజన్ కావాలి. 30 డిగ్రీల వేడిలో నీళ్లు మామూలుగా లీటరుకి 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటాయి. భాగించండి. 28 వేల లీటర్లు! ఒక మనిషి, ఒక రోజు, ఒక చిటికెడు... 10 వేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు మూడింటిలో ఉన్న ఊపిరి అంతా ఖర్చు. గాలి నుంచి మళ్లీ కొంత కలుస్తుంది, కాదనను. కానీ ఆ చిటికెళ్లు వేలమందివి, రోజూ పడుతుంటే?

"పెరిగేటప్పుడు నాచే ఆక్సిజన్ ఇస్తుంది కదా" అని కింద రాయబోతున్నారు, తెలుసు. ఇస్తుంది, పగటిపూట, పైపొరలో. పట్టనిది గాల్లోకి పోతుంది. అప్పు మాత్రం రాత్రిపూట, అడుగున వసూలవుతుంది. అందుకే చేపలు తెల్లవారుజామున చస్తాయి. సూర్యోదయానికి ముందు గట్టు మీద నిలబడి చూడండి, చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరిచి మూస్తుంటాయి. ఆక్సిజన్ లీటరుకి 2 మిల్లీగ్రాముల దాకా పడిపోయిందంటే వాటికి ఇక ఎక్కడా చోటుండదు. మధ్యాహ్నం ఒంటిగంటకి పైపైన నీళ్లు ముంచి పరీక్ష చేయించారనుకోండి, రిపోర్టులో ఆక్సిజన్ నిక్షేపంగా ఉంటుంది. ఆ కాగితం చూపించే విషం కథలు అల్లేది!

ఇంతకీ నిజంగా ఫాస్ఫరస్సేనా? 1973లో కెనడాలోని ఒంటారియోలో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త బృందం 226 నంబరు సరస్సు నడుమ వినైల్ తెర కట్టింది. రెండు వైపులా కార్బన్, నైట్రోజన్ వేశారు. ఒక్క వైపే ఫాస్ఫరస్ కూడా వేశారు. ఆ వైపు మాత్రమే పచ్చబడింది. పైనుంచి తీసిన ఫొటోలో ఆ గీత కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

[తెర మీద: గట్టు నుంచి నీటిలోకి వాలు బొమ్మ]

ఇప్పుడు పేగుల సంగతి. చెరువు అరుగుదలలో పెద్ద భాగం ఒడ్డున, లోతు లేనిచోట జరుగుతుంది. జమ్ము, తుంగ ఉంటాయే, అక్కడ. జమ్ము కాడని నీళ్లలోంచి లాగి వేళ్లతో రాస్తే జిగురుగా తగులుతుంది. ఆ జిగురు సూక్ష్మజీవుల పొర. కాడ విరిస్తే లోపలంతా గాలి గదులు. ఆ గదుల గుండా ఆక్సిజన్ వేళ్లదాకా దిగి బురదలోకి కాస్త కారుతుంది. వేరుని ఆనుకున్న బురదలో ఆక్సిజన్ ఉంటుంది, కొంచెం అవతల ఉండదు. ఉన్నచోట అమ్మోనియా నైట్రేట్ అవుతుంది. లేనిచోట ఆ నైట్రేట్ నైట్రోజన్ వాయువై బుడగల్లా పోతుంది. రెండు రకాల చోట్లూ పక్కపక్కనే కావాలి. ఈ పని చేసే మొక్కలు సుమారు మీటరు లోతు దాటితే నిలబడలేవు. నిలువు గోడ కట్టి అంచునుంచే మూడు మీటర్లు తవ్వితే పేగులు కోసేసినట్టే. మీటరు లోతుకి కనీసం ఐదు మీటర్ల వాలు వదలండి.

ఫౌంటెన్ సంగతంటారా, అది ఎక్కువగా పైపొరనే చిమ్ముతుంది. ఆక్సిజన్ కరువు అడుగున. పొట్టలో మంటకి నెత్తి మీద నీళ్లు చల్లుకోవడం.

మరి ఆ చెరువు నీళ్లే కుళాయికి వస్తుంటే ఏమవుతుంది? నాచు ఇసుక వడపోతల్ని పూడ్చేస్తుంది. మిగిలిన సేంద్రియ పదార్థం క్లోరిన్‌తో కలిసి ట్రైహాలోమీథేన్లనే హానికర రసాయనాలు తయారవుతాయి. కొన్ని రకాల నాచు మైక్రోసిస్టిన్ అనే విషం చేస్తుంది. ఆ నాచుని చంపుదామని మైలుతుత్తం వేస్తే కణాలు పగిలి విషం ఒక్కసారిగా నీళ్లలో కలుస్తుంది. ఈ విషం వల్లే 2014 ఆగస్టులో అమెరికాలోని టొలెడోలో దాదాపు 5 లక్షల మందిని కుళాయి నీళ్లు తాగొద్దన్నారు. కాచి తాగినా లాభం లేదు, మరిగేకొద్దీ విషం చిక్కబడుతుంది. చెరువు అరిగించుకోలేనిది మన గ్లాసులోకొస్తుందన్నమాట.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. "మేం శుద్ధి చేసే వదులుతున్నాం" అంటే ఫాస్ఫరస్ ఎంతో అడగండి. మామూలు శుద్ధిలో కుళ్లే పదార్థం బాగా తగ్గుతుంది కానీ ఫాస్ఫరస్ కొంతే తగ్గుతుంది. పటిక లాంటిది వేసి విడిగా తీయాలి. చెరువులో లీటరుకి సుమారు 0.035 మిల్లీగ్రాములు దాటితేనే అతిపోషణ కింద లెక్క. విడిగా తీయని శుద్ధి నీళ్లలో కొన్ని మిల్లీగ్రాములుంటాయి. తేటగా కనపడుతున్నాయని మోసపోవద్దు.

గుర్రపుడెక్క తీస్తే గట్టు మీద కుప్ప పోయకండి. తొలి వానకి ఆ కుళ్లు రసం తిరిగి లోపలికే పోతుంది. దూరంగా తీసుకెళ్లి ఎరువు చేయండి.

మురుగు ఆపిన వెంటనే నీళ్లు తేటపడలేదని నిరాశపడకండి. బురదలో ఇనుము పట్టుకున్న ఫాస్ఫరస్, ఆక్సిజన్ అయిపోగానే వదులైపోతుంది. వాంతి. సియాటిల్ పక్కన లేక్ వాషింగ్టన్‌లోకి మురుగు రాకుండా 1963–68 మధ్య మళ్లిస్తే కొన్నేళ్లలోనే తేటబడింది, కానీ అది లోతైన సరస్సు. లోతు లేని చెరువులు ఇంకా ఎక్కువ కాలం కక్కుతాయి.

తేటబడుతోందో లేదో చూసుకోడానికి సెకీ బిళ్ల చాలు. 20 సెంటీమీటర్ల గుండ్రటి పలక, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలకి ఒకే రంగు వచ్చేలా నలుపు, తెలుపు, కింద బరువు, పైన కొలత గుర్తులున్న తాడు. దించుతూ మాయమైన లోతు, పైకి లాగుతూ మళ్లీ కనపడ్డ లోతు రాసి సగటు తీయండి. ప్రతిసారీ ఒకే చోట, మిట్టమధ్యాహ్నం అటూఇటూగా, పడవ నీడ పడే వైపు. చలవ కళ్లద్దాలు పెట్టుకుంటే తీసేయండి.