ఒకే స్తూపం, మూడు ఊళ్లు
(లండన్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పిల్లలు కాస్త అల్లరి చేసినా ఫర్వాలేదండీ, బయటికి తీసుకెళ్లకండి, ఈ మాటలు వాళ్లకి కూడా.

ఊరి నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వస్తే మనమందరం వాళ్లని బ్రిటిష్ మ్యూజియానికి తీసుకెళ్తాం కదా. టికెట్ కొనక్కర్లేదు, లోపల వెచ్చగా ఉంటుంది. ఈజిప్టు మమ్మీలు, రోసెట్టా రాయి, గ్రీకు శిల్పాలు చూపించి, కాళ్లు లాగుతున్నాయి అనగానే ఓ కాఫీ తాగించి ఇంటికొచ్చేస్తాం. నేనూ చాలాసార్లు అంతే చేశాను. ఒకసారి మా నాన్నగారు మాత్రం దక్షిణాసియా గ్యాలరీ చివరిదాకా నడుచుకుంటూ వెళ్లిపోయి, అక్కడ ఒక అద్దాల గది ముందు నిలబడి, "ఒరేయ్, ఇక్కడ అమరావతి అని రాసుందేంట్రా, మన అమరావతేనా?" అని అడిగారు. మా ఊరి నుంచి గంట ప్రయాణం. చిన్నప్పుడు అమరేశ్వరుడి గుడికి ఎన్నిసార్లు వెళ్లామో లెక్కలేదు, పక్కనే ఉన్న స్తూపం వైపు మాత్రం ఒక్కసారీ వెళ్లలేదు.

ఆ గది నంబరు 33ఏ. మన కృష్ణ ఒడ్డున రెండు వేల ఏళ్ల కిందటి మహాచైత్యానికి, అంటే ఆ పెద్ద బౌద్ధ స్తూపానికి, చెందిన రాళ్లు దాదాపు 120 ఈ మ్యూజియం దగ్గరే ఉన్నాయి. ఇవి ఇంత దూరం ఎలా వచ్చాయో చెప్తాను, ఎందుకంటే మనలో చాలామంది "తెల్లవాళ్లు ఎత్తుకుపోయారు" అనే ఒక్క మాటతో ఆపేస్తాం, కథ అంతకంటే పెద్దది.

1790లలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు చింతపల్లి నుంచి అమరావతికి మకాం మార్చారు. కొత్త ఊరు కట్టాలంటే ఇటుకలు కావాలి, రాళ్లు కావాలి. ఊరి పక్కనే దీపాలదిన్నె అనే పెద్ద దిబ్బ ఉంది, తవ్వితే కావలసినన్ని దొరికాయి. అది స్తూపమని అప్పటికి ఎవరికీ తెలియదు. శివగంగ చెరువు మెట్లకి కూడా ఆ పలకలు వాడారు. మన ఊళ్ల చరిత్రలు, అదే కైఫీయతులు, సేకరించిన మెకంజీ దొర ఆ రోజుల్లోనే వచ్చి చూశారు, మళ్లీ 1816 ప్రాంతంలో మనుషుల్ని వెంటబెట్టుకొచ్చి బొమ్మలు గీయించారు. మాయమైపోయిన ఎన్నో రాళ్లు ఎలా ఉండేవో ఈ రోజు మనకి తెలుస్తోందంటే ఆ డ్రాయింగుల వల్లే.

1845లో వాల్టర్ ఇలియట్ అనే కంపెనీ దొర ఇంకా కొన్ని పలకల్ని తవ్వించి మద్రాసుకి పంపించారు. 1859లో అవి ఓడెక్కి లండన్ చేరాయి. చేరాక రాజమర్యాదలేమీ జరగలేదు. కొన్ని ఆరుబయట ఎండకీ వానకీ పడి పాడయ్యాయి, 1867లో ఫెర్గూసన్ అనే పండితుడు చూసేసరికి ఇంకొన్ని గుర్రపుబళ్ల షెడ్డులో ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియానికి వచ్చింది 1880లో. వీటిని మార్బుల్స్ అని పిలుస్తూ వచ్చారు గానీ ఇది పాలరాయి కాదు, మన పలనాటి సున్నపురాయి.

ఆ గదిలో అన్నీ చూడాలని టెన్షన్ పడకండి. ఒక్క రాయి దగ్గర పావుగంట నిలబడండి చాలు. రెండు వైపులా చెక్కిన పలక ఒకటుంది. ఒక వైపు బోధివృక్షం, దాని కింద ఆసనం, చుట్టూ దణ్ణం పెడుతున్న జనం. ఆసనం మీద మాత్రం ఎవరూ లేరు. క్రీస్తుకు ముందు, బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కని కాలం అది, ఆ ఖాళీయే బుద్ధుడు. రెండు మూడు వందల ఏళ్ల తర్వాత అదే పలకని తిప్పి, వెనకవైపు ఇంకో శిల్పి స్తూపాన్నే చెక్కాడు. గుమ్మం దగ్గర సింహాలు, ఐదు స్తంభాలు, పైన ఎగురుతున్న దేవతలు, ఎక్కడా వేలు పెట్టడానికి సందు లేనంత పని. మహాచైత్యం నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఇలాంటి పలకలు చూసే పండితులు ఊహించగలిగారు.

రెండో ఊరు చెన్నై. ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి రాళ్లు చాలా ఉన్నాయి. నన్నడిగితే అన్నిట్లోకీ గొప్ప శిల్పం అక్కడే ఉంది, నాలాగిరి ఏనుగు ఉన్న గుండ్రటి ఫలకం. ఎడమవైపు మదమెక్కిన ఏనుగు తొండంతో మనిషిని పట్టుకుంది, జనం పరుగులు తీస్తున్నారు, మేడల కిటికీల్లోంచి ఆడవాళ్లు తొంగిచూస్తున్నారు. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లింది. ముందూ వెనకా జరిగినవి రెండూ ఒకే ఫలకంలో! మా అమ్మాయి ఆ కిటికీల్లోని మొహాలు లెక్కపెడుతూ కూర్చుంది, ఎంత పిలిచినా కదల్లేదు.

మూడోది అమరావతే. స్తూపం దగ్గర మిగిలింది తక్కువ. సుమారు 50 మీటర్ల వెడల్పున గుండ్రటి దిబ్బ, గడ్డి, చుట్టూ నిలబెట్టిన కొన్ని పలకలు. మిగతా రెండూ చూసొచ్చాక అక్కడ నిలబడి చూడండి, ఏ పలక ఎక్కడ ఉండేదో మనసులో పెట్టుకుంటూ ఒక చుట్టు తిరగండి, నాకైతే గొంతు పట్టేసింది. పక్కనే చిన్న మ్యూజియం కూడా ఉంది. అక్కడా, ఎగ్మూరులోనూ శుక్రవారం సెలవు, టికెట్లు బుక్ చేసేటప్పుడు గుర్తుపెట్టుకోండి.

ఇవి వెనక్కి ఇచ్చేయాలా అని నన్ను అడుగుతుంటారు. ఇవ్వాలనే నా కోరిక, ఒక స్తూపం రాళ్లు ఒక్కచోట ఉండాలి. కానీ అది జరిగేదాకా మన పిల్లలు చూడకుండా పెరగకూడదు కదా.

ఇంకొక్క సంగతి చెప్పి దిగిపోతాను. ఈ స్తూపాన్ని ఏ ఒక్క రాజో కట్టించలేదు. గంధం అమ్మేవాళ్లు, భిక్షుణులు, గృహిణులు తలా ఒక రాయి ఇచ్చి, దాని మీద పేరు రాయించుకున్నారు. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు విధికుడు తోలుపని చేసేవాడు. అతను తన తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి పూర్ణఘటం, అంటే నిండు కుండ, చెక్కిన పలక ఇచ్చాడు. ఈ రోజు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నంలో ఉన్నది ఆ పూర్ణఘటమే.

వచ్చే శనివారం మేం 33ఏకి వెళ్తున్నాం. ఆ గది ఒక్కోసారి మూసి ఉంటుంది, ముందు రోజు కనుక్కుని మీకు మెసేజ్ పెడతాను. పదింటికి గ్రేట్ రస్సెల్ స్ట్రీట్ గేటు దగ్గర కలుద్దాం. పిల్లలకి తలా ఒక పెన్సిలు, తెల్లకాగితం తీసుకురండి.