ట్యాలీ ప్రైమ్ రివ్యూ: యాడ్-ఆన్ తాళం ఎవరి చేతిలో ఉంది?

నమస్కారం అండి. ఈ ట్యాలీ ప్రైమ్ (వ్యాపార లెక్కల సాఫ్ట్‌వేర్) లైసెన్స్ విజయనగరంలోని ఒక డీలర్ రివ్యూ కోసం ఉచితంగా ఇచ్చారు. జీఎస్టీ, ఇన్‌వాయిస్, బ్యాకప్ గురించి ఇప్పటికే బోలెడు వీడియోలు చూసుంటారు, వాటి జోలికి పోను. ఇందులో నాకు నచ్చింది, చిరాకు తెప్పించింది రెండూ టీడీఎల్ దగ్గరే ఉన్నాయి. టీడీఎల్ అంటే ట్యాలీకి మనకు కావలసిన అదనపు సౌకర్యాలు, అంటే యాడ్-ఆన్‌లు, రాసే భాష.

పలాస జీడిపప్పు వ్యాపారమే తీసుకోండి. డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అనే పప్పు గ్రేడ్‌లు, బద్ద, 10 కిలోల టిన్ను. ఏ లాట్ గింజలకి ఎంత పప్పు దిగిందో విడిగా తెలియాలి. ఊరూరి లెక్కలన్నీ ట్యాలీ కంపెనీయే రాయలేదు కదా! అందుకే టీడీఎల్ భాషను బయటి డెవలపర్ల చేతిలో పెట్టింది. ఎఫ్1 హెల్ప్‌లో టీడీఎల్స్ అండ్ యాడ్-ఆన్స్, అక్కడ ఎఫ్4 నొక్కి ఫైల్ దారి ఇస్తే సరి, మీ రిపోర్ట్ మెనూలోకి వచ్చేస్తుంది. లైసెన్స్ లేకపోయినా ఎడ్యుకేషన్ మోడ్‌లో నేర్చుకోవచ్చు. వోచర్ తేదీలు 1, 2, 31 మాత్రమే పడతాయి, అయినా సాధనకి చాలు. శ్రీకాకుళంలో బీకాం చదివే కుర్రాడు కూడా పైసా పెట్టకుండా ఈ పని పట్టుకోగలడు. నాకు బాగా నచ్చింది ఇదేనండి.

ఇక చిరాకు. చాలామంది డెవలపర్లు టీసీపీ ఫైల్ ఒక్కటే ఇస్తారు. అది కంపైల్ అయిపోయిన ఫైల్, ఇంకొకరు తెరిచి సరిచేయలేరు. రాసినాయన ఫోన్ ఎత్తకపోతే మీ పని ఆగినట్టే. కాబట్టి డబ్బు కట్టేముందే టీడీఎల్ సోర్స్, అంటే తెరిచి మార్చగల అసలు కోడ్, అడగండి. దాంతోపాటు యూడీఎఫ్ నంబర్ల జాబితా కూడా. యూడీఎఫ్ అంటే మన అవసరానికి అదనంగా చేర్చుకున్న గడి. రెండు యాడ్-ఆన్‌లు ఒకే రకం గడికి ఒకే నంబర్ వాడితే లాట్ నంబర్ ఉండాల్సిన చోట లారీ నంబర్ కనిపిస్తుంది. యాడ్-ఆన్ తీసేస్తే ఆ గడులు మాయమైనట్టుంటాయి, కంగారు పడొద్దు. డేటా లోపలే ఉంటుంది, మళ్లీ తగిలిస్తే కనబడుతుంది.

వేరే సాఫ్ట్‌వేర్‌తో కలపాలంటే 9000 పోర్ట్‌కి, అంటే ట్యాలీ డేటా అందుకునే ద్వారానికి, ఎక్స్‌ఎంఎల్ రూపంలో డేటా పంపొచ్చు. ముందు ట్యాలీలో మీ కంపెనీ తెరిచి ఉండాలి, లెడ్జర్ పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఈ పోర్ట్‌ని ఇంటర్నెట్‌కి మాత్రం తెరవకండి.

నా మాటైతే, ట్యాలీ కొనండి. సోర్స్ ఇవ్వనన్న వాళ్ల యాడ్-ఆన్ మాత్రం వద్దు. కొత్త రిలీజ్‌కి మారేముందు డేటా కాపీ మీద యాడ్-ఆన్ నడిపి చూడండి, ఆ తర్వాతే అసలు సిస్టమ్‌లో వేయండి.