చిన్న ల్యాప్‌టాప్‌లో థండర్‌బర్డ్ హాయిగా నడవాలంటే

అందరికీ నమస్కారం అండి. ఇదిగో, ఇదే నేను రోజూ వాడే ల్యాప్‌టాప్. 11 అంగుళాల స్క్రీను, 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజ్, అందులో సగానికి పైగా ఆపరేటింగ్ సిస్టమే ఆక్రమించేసింది. దీని మీద థండర్‌బర్డ్, అంటే మెయిల్ చూసుకునే ప్రోగ్రామ్, నడుస్తుందా అని చాలామంది అడుగుతున్నారు. నడుస్తుంది, బాగానే నడుస్తుంది, ఇప్పుడు మీ ముందే తెరుస్తాను చూడండి... ఆ, వచ్చేసింది.

ఒక్క మాట చెప్పి మొదలుపెడతాను. ఇలాంటి మెషీన్ మొరాయించేది ప్రోగ్రామ్ వల్ల కంటే, ఏళ్ల తరబడి పేరుకున్న మెయిల్ మొత్తాన్ని ఈ బుల్లి డిస్కులోకి దించి, దానికంతా ఇండెక్స్, అంటే వెతకడానికి వాడే పట్టిక, కట్టమని మనం వదిలేయడం వల్ల. ఐమ్యాప్ (అసలు ఉత్తరాలు మెయిల్ కంపెనీ సర్వర్‌లో ఉండే పద్ధతి) అకౌంట్ పెట్టగానే థండర్‌బర్డ్ మామూలుగా చేసేది అదే, అన్ని ఉత్తరాలూ కిందికి దించుకుంటుంది. పెద్ద మెషీన్‌లో మనకు తెలియను కూడా తెలియదు. ఇక్కడ మాత్రం కింద స్టేటస్ బార్‌లో అంకెలు అలా పరిగెడుతూనే ఉంటాయి, మౌస్ కదలదు, కాసేపటికి డిస్కు నిండిందని హెచ్చరిక వస్తుంది. అందుకే ఈ వీడియోలో చేసేదంతా ఒకటే, ఆ బరువు దించడం.

అకౌంట్ కలపడం మీకు తెలిసిందే, పేరు, మెయిల్ అడ్రస్, పాస్‌వర్డ్, కంటిన్యూ. ఇక్కడ ఐమ్యాప్, పాప్ అని రెండు చూపిస్తుంది, ఐమ్యాప్ ఎంచుకోండి, అంటే అసలు ఉత్తరాలు సర్వర్‌లోనే ఉంటాయి. డన్. అకౌంట్ అయిపోయింది.

అది పెట్టిన వెంటనే, ఏమీ దిగకముందే, ఇక్కడికి రండి. అకౌంట్ పేరు మీద రైట్ క్లిక్, సెట్టింగ్స్, ఎడమ వైపు సింక్రనైజేషన్ అండ్ స్టోరేజ్. ఇదిగో, ఈ పేజీ. ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళ్దాం, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది సరిగ్గా ఇక్కడే.

పైన చూడండి, ఈ అకౌంట్ మెసేజ్‌లు ఈ కంప్యూటర్‌లో ఉంచాలా అని ఒక టిక్ ఉంది. దాని కింద, అన్ని మెసేజ్‌లూ సింక్ చెయ్యి అని ఒకటి, ఇటీవలి 30 రోజులవి మాత్రమే సింక్ చెయ్యి అని ఇంకొకటి. మనకు కావలసింది ఈ రెండోది. ఈ 30 అంటే ఏంటి? గత 30 రోజుల ఉత్తరాలు ఈ ల్యాప్‌టాప్‌లో ఉంటాయి, నెట్ లేకపోయినా తెరుచుకుంటాయి. అంతకన్నా పాతవి ఎక్కడికీ పోవు, జాబితాలో కనిపిస్తూనే ఉంటాయి, క్లిక్ చేస్తే అప్పటికప్పుడు సర్వర్ నుంచి వస్తాయి. సరేనా.

ఇప్పుడు అదే పేజీలో కిందికి రండి. ఇంకా కిందికి. ఇక్కడ డిస్క్ స్పేస్ అని ఉంది. ఇక్కడ కూడా 30 రోజులు అని ఉంది చూశారా? అక్కడా 30, ఇక్కడా 30. కానీ ఇది పూర్తిగా వేరే విషయం. ఇది, 30 రోజులు దాటిన మెసేజ్‌లు డిలీట్ చెయ్యి అని. ఎక్కడ డిలీట్? ఈ ల్యాప్‌టాప్‌లోనే కాదండి, సర్వర్‌లో కూడా. పైన ఆ లైన్ చదవండి, లోకల్ కాపీలూ, సర్వర్‌లో ఉన్న అసలువీ శాశ్వతంగా పోతాయని స్పష్టంగా రాసే ఉంది. నేను చదవలేదు. డిస్కు నిండిపోయి టెన్షన్‌లో ఉన్నాను, ఖాళీ చేయడానికే కదా అని దీన్ని నొక్కేశాను. మర్నాడు ఫోన్‌లో మెయిల్ తెరిస్తే ఇన్‌బాక్స్‌లో నెల రోజుల ఉత్తరాలే ఉన్నాయి, పాతవన్నీ పోయాయి. ఆ పోయిన వాటిలో కొన్ని నాకు మళ్లీ ఎప్పటికీ దొరకవు. అందుకే ఇంతగా చెబుతున్నాను. కింద ఉన్న డిస్క్ స్పేస్ దగ్గర మొదటిది, ఏ మెసేజ్‌లూ డిలీట్ చెయ్యొద్దు అన్నది, అదే ఉండాలి. పైన 30 పెట్టుకోండి, కింద ముట్టుకోకండి. ఇంకోసారి చూపిస్తాను... పైన ఇది, మారుస్తాం. కింద ఇది, మార్చం.

ఇదే పేజీలో, ఇంత సైజుకు మించిన మెసేజ్‌లు డౌన్‌లోడ్ చెయ్యొద్దు అని కూడా ఉంది, పెద్ద అటాచ్‌మెంట్లు ఎక్కువగా వచ్చేవాళ్లు అది టిక్ పెట్టుకోండి. నేను పెట్టుకున్నాను.

జీమెయిల్ వాళ్లకు ఇంకొకటి. ఆల్ మెయిల్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది, స్పామ్, ట్రాష్ తప్ప మిగతా మెయిలంతా అందులో కనిపిస్తుంది, అంటే అన్నిటికన్నా పెద్ద ఫోల్డర్ అది. అకౌంట్ మీద రైట్ క్లిక్, సబ్‌స్క్రైబ్, ఆల్ మెయిల్ దగ్గర టిక్ తీసేయండి, ఓకే. అంతే, ఉత్తరాలకు ఏమీ కాదు, ఆ ఫోల్డర్ ఇక్కడ కనిపించదు అంతే.

మరి ముందే దిగిపోయిన వాటి సంగతేంటి? సెట్టింగ్ మార్చాక డిస్కులో ఖాళీ పెరుగుతుందని నేను చాలాసేపు చూశాను, పెరగలేదు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేస్తే కాంపాక్ట్ అని ఉంటుంది. మామూలుగా ఒక ఫోల్డర్‌లోని ఉత్తరాలన్నీ ఒకే పెద్ద ఫైల్లో ఉంటాయి, మనం డిలీట్ చేసినవి కూడా కాంపాక్ట్ చేసేదాకా ఆ ఫైల్లోనే పడి ఉంటాయి. కానీ కాంపాక్ట్ ఏం చేస్తుందంటే, పనికొచ్చే ఉత్తరాలన్నిటినీ ఇంకో కొత్త ఫైల్లోకి రాసి, ఆ తర్వాత పాతదాన్ని తీసేస్తుంది. అంటే మధ్యలో రెండిటికీ చోటు కావాలి. డిస్కు పూర్తిగా నిండే వరకు ఆగితే అది కూడా కుదరదు. కాస్త ఖాళీ ఉన్నప్పుడే, వారానికోసారి చేసుకోండి.

తర్వాత సెర్చ్. మెనూలో సెట్టింగ్స్, జనరల్, బాగా కిందికి వెళ్తే ఇండెక్సింగ్, గ్లోబల్ సెర్చ్ అండ్ ఇండెక్సర్, టిక్ తీసేయండి. ఈ ఒక్క టిక్‌తో నా మెషీన్‌లో ఫ్యాన్ శబ్దం తగ్గింది. మరి వెతకడం ఎలా అంటే, నేను కంట్రోల్ షిఫ్ట్ కె వాడతాను, ఇదిగో క్విక్ ఫిల్టర్, పంపినవాళ్ల పేరులో మూడు అక్షరాలు కొట్టగానే జాబితా చిన్నదైపోతుంది. నా పనిలో ముప్పాతిక వంతు దీంతోనే అయిపోతుంది. ఉత్తరం లోపలి మాట వెతకాలంటే కంట్రోల్ షిఫ్ట్ ఎఫ్, ఇక్కడ సర్వర్‌లో వెతుకు అని ఒక టిక్ ఉంది, అది పెట్టండి. కష్టమంతా సర్వర్ పడుతుంది, మన ల్యాప్‌టాప్ ఫలితం తెచ్చి చూపిస్తుంది. నాకు ఇది చాలా ఇష్టం.

స్క్రీన్ చిన్నది కదా, దానికి ఎఫ్8. నొక్కితే కింద ఉత్తరం చదివే భాగం పోయి జాబితా మొత్తం కనిపిస్తుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. డెన్సిటీ కాంపాక్ట్ (ఇది ఇందాకటి కాంపాక్ట్ కాదు, వరుసల మధ్య ఖాళీ తగ్గించేది), టేబుల్ వ్యూ, ఈ రెండూ పెట్టుకుంటే ఇదిగో, ఇన్ని వరుసలు పడుతున్నాయి. కార్డ్ వ్యూ చూడ్డానికి బాగుంటుంది కానీ ఈ స్క్రీన్ మీద చోటు చాలదు.

ఇంతా చేసినా మీది ఇంకా పాత మెషీన్, 1 జీబీ ర్యామే ఉందంటే, క్లాజ్ మెయిల్ (Claws Mail) అనే ప్రోగ్రామ్ చూడండి. సిల్ఫీడ్ అనే ఇంకో మెయిల్ ప్రోగ్రామ్ నుంచి పుట్టింది, చాలా తేలిక, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. అందులో ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైల్‌గా ఉంటుంది, కాబట్టి ఈ కాంపాక్ట్ గొడవ లేదు. రంగులూ బొమ్మలూ పెట్టి ఉత్తరం రాయడం మాత్రం కుదరదు, ఉత్త అక్షరాలే. నాకైతే అది చాలు, కానీ అందరికీ చాలకపోవచ్చు.

సరే, ఇప్పుడు థండర్‌బర్డ్ ఒకసారి మూసి మళ్లీ తెరుస్తున్నాను. కింద అంకెలు చూడండి... ఇన్‌బాక్స్, ఆగిపోయింది. మౌస్ కదులుతోంది. జాబితాలో కిందికి వెళ్లి రెండేళ్ల కిందటి ఉత్తరం నొక్కుతున్నాను... ఒక్క క్షణం... వచ్చింది.