గుడ్లగూబ నాణెం ఎవరి ఆస్తి? – చర్చా కార్యక్రమం

యాంకర్: ఏథెన్స్ వెండి నాణేలు వేలంలో అమ్మొచ్చా, పుట్టిన చోటికే పంపాలా? అందరికీ సమాన అవకాశం ఇస్తాం. ముందు ఒక మాట. ఇంటిమీద గూబ వాలితే కీడంటాం మనం. వాళ్లు డబ్బు మీదే వేసుకున్నారేంటండీ?

సేకర్త: అది ఎథీనా దేవి పక్షి. ఈ నమూనా చూడండి. దేవి ముఖం పక్కకి ఉంది, కన్ను మాత్రం మనల్నే చూస్తోంది. వెనక గూబ, మూలన ఆలివ్ రెమ్మ, చిన్న నెలవంక, ఊరి పేరులో మొదటి మూడక్షరాలు. 17 గ్రాముల పైచిలుకు వెండి. జ్ఞానానికి...

అధ్యాపకురాలు: ఆ వెండి ఎక్కడిదో చెప్పండి ముందు.

సేకర్త: ఏథెన్స్ దగ్గరి లారియన్ గనులది. వస్తున్నా మేడమ్. ఆ వెండితోనే ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లీస్ ఓడలు కట్టించాడు, క్రీ.పూ. 480లో సలామిస్ దీవి దగ్గర పర్షియాని...

అధ్యాపకురాలు: (గొంతు పెంచి) గనిలోకి దిగిందెవరు? బానిసలు! ఏథెన్స్ ధనికుడు నికియాస్ వెయ్యిమందిని గనులకి అద్దెకిచ్చాడు, తలకి రోజుకి ఒక ఓబోల్, అంటే అప్పటి చిన్న వెండి నాణెం. రాసింది ప్రాచీన గ్రీకు రచయిత జెనొఫోన్. ఈ నాణెం నాలుగు ద్రాక్మాలు, అంటే 24 ఓబోల్స్. ఒక మనిషికి 24 రోజుల అద్దె. అదీ యజమాని చేతికి!

యాంకర్: అంటే గూబ కీడన్న మాట నిజమేనంటారా?

న్యాయవాది: నన్ను చట్టం గురించి చెప్పనివ్వండి. 1984లో టర్కీలోని ఎల్మాలి దగ్గర దాదాపు 1,900 వెండి నాణేలు తవ్వి, దేశం దాటించేశారు. వాటిలో చాలావరకు వెనక్కి వచ్చింది 1999లో. ఎక్కడ దొరికిందో చెరిగిపోతే...

సేకర్త: సేకర్తలందరూ దొంగలా?

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

యాంకర్: ఒక్కరొక్కరు, ప్లీజ్. సార్, నమూనా మీద ఈ గాటేంటి?

సేకర్త: అసలు నాణేల మీదా ఉంటుందండీ. లోపల రాగి ఉందేమోనని ఉలితో నరికి చూసేవాళ్లు. ఈజిప్టు దాకా చెల్లిన డబ్బు ఇది. గూబ అంటే నమ్మకం...

అధ్యాపకురాలు: నమ్మితే నరికి చూడటం ఎందుకు? నేను మళ్లీ అదే అంటున్నా. 24 రోజులు!

యాంకర్: మన చెట్టుతొర్రల్లో ఉండే చిన్న గూబదీ, వాళ్లదీ ఒకటే ప్రజాతి అట కదా? పేరు కూడా అథీనే...

న్యాయవాది: అవునండీ, కానీ వేలం సంగతి...

అధ్యాపకురాలు: గ్రీసు ఒక యూరో నాణెం మీద కూడా ఇదే గూబ. గని మనిషి బొమ్మ ఎక్కడైనా ఉందా?

సేకర్త: నా వాక్యం ఒక్కటైనా పూర్తి...

యాంకర్: సమయం అయిపోయింది. మేడమ్, ముగించండి.

అధ్యాపకురాలు: అమ్మినా పంపినా, పక్కన ఆ అద్దె లెక్క రాసి పెట్టండి.