ఏడాది వయసున్న ఉద్యోగి

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న మిత్రులకు నమస్కారం. పరిచయం చేసినాయన నా గురించి చాలా చెప్పారు, అందులో సగం కొట్టేసుకోండి. లెక్కల విశ్లేషణకు వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలోకి డేటా లోడ్ చేసేటప్పుడు వచ్చే ఇబ్బందుల మీద మాట్లాడమన్నారు. నాలుగు పాయింట్లు రాసుకొచ్చాను, మొదటిదైనా పూర్తవుతుందేమో చూద్దాం.

ఎర్రర్ వస్తే నాకు భయం లేదండీ. ఫైలు దొరకలేదని ఆర్ అరిస్తే ఏ ఫోల్డర్‌లో ఉన్నామో చూసుకుంటాం, రెండు నిమిషాల పని. నాకు టెన్షన్ అంతా కిక్కురుమనకుండా లోపలికొచ్చి కూర్చునే ఫైలుతోనే.

చాలా ఏళ్ల కిందటి మాట. ఉద్యోగస్తుల మీద ఒక సర్వే. వయసు కాలమ్‌లో 18 నుంచి 80 దాకా అన్ని అంకెలూ ఉన్నాయి. ఒక్క గడిలో మాత్రం ఎవరో "తెలియదు" అని టైప్ చేశారు. ఒక్క గడిలో! అప్పట్లో రీడ్ డాట్ సీఎస్‌వీ, అంటే ఆర్‌లో ఫైలు చదివే కమాండ్, కాలమ్‌లో ఒక్క మాట కనిపించినా మొత్తం కాలమ్‌ని ఫ్యాక్టర్, అంటే అంకెలు కాని రకాల జాబితా, చేసేసేది. సగటు అడిగితే ఇవ్వలేదు. నేను మహా తెలివిగా, అంకెలుగా మార్చే యాజ్ డాట్ న్యూమరిక్ కమాండ్ తగిలించాను. ఇచ్చింది, 31. ఎంత నమ్మదగ్గ అంకె!

జరిగిందేమిటంటే, ఫ్యాక్టర్ లోపల ఉండేవి విలువలు కావు, వరుస నంబర్లు. 18కి 1, 19కి 2, అలా 80కి 63. అంటే సర్వేలో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా 17 ఏళ్లు చిన్నవాళ్లయిపోయారు. అసలు సగటు 48. వయసు తెలియదన్న మనిషికి మాత్రం 64 ఏళ్లు వచ్చాయి! అందరికీ ఒకే 17 తగ్గింది కాబట్టి జీతంతో సంబంధం కూడా దాదాపు చెక్కుచెదరలేదు. గ్రాఫు చక్కగా ఉంది. రిపోర్టు అచ్చుకెళ్లింది.

మూడు నెలల తర్వాత కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది. "సార్, కనిష్ఠ వయసు 1 అని ఉంది. ఈ ఉద్యోగి ఎవరు సార్?"

నేను సగటు చూశాను గానీ కనిష్ఠం చూడలేదు. సమ్మరీ అని ఒక్క మాట కొట్టుంటే ఆరంకెలు వచ్చి మొదటిదే పట్టించేది. పైవాళ్లకు చెబితే, "అచ్చయిపోయింది కదండీ, ఇప్పుడెందుకు" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ అమ్మాయికి థ్యాంక్స్ చెప్పలేదన్నది కూడా.

2020లో ఆర్ 4.0.0 వచ్చాక ఆ అలవాటు మారింది, మాటలు ఇప్పుడు మాటలుగానే వస్తున్నాయి. పాత కోడ్‌లో ఫ్యాక్టర్ తగిలితే ముందు మాటలుగా మార్చే యాజ్ డాట్ క్యారెక్టర్, ఆ తర్వాతే న్యూమరిక్. "తెలియదు" ఖాళీ అవుతుంది, వార్నింగ్ కూడా వస్తుంది. ఆ వార్నింగ్‌ని దయచేసి కనిపించకుండా చేసేయకండి.

మిగతా మూడు పాయింట్లు గబగబా. దేశాల కోడ్‌ల జాబితా చదివిస్తే నమీబియా మాయమవుతుంది. దాని కోడ్ ఎన్‌ఏ, ఆర్‌కి ఎన్‌ఏ అంటే ఖాళీ. ఫైలు చదివే ఇంకో కమాండ్ రీడ్ డాట్ టేబుల్‌కి ఒంటి కొటేషన్ గుర్తు తగిలితే, రెండోది దొరికేదాకా మధ్య వరుసలన్నీ ఒకే గడిలో పడిపోతాయి. 2020 అక్టోబరులో ఇంగ్లండ్‌లో పాత ఎక్సెల్ ఫార్మాట్ 65,536 వరుసల దగ్గర ఆగిపోయి, 15,841 కరోనా కేసులు లెక్కలోకి ఆలస్యంగా వచ్చాయి. ఫైల్లో ఎన్ని వరుసలున్నాయో, లోపలికి ఎన్ని వచ్చాయో పక్కపక్కన పెట్టి చూస్తే ఈ చివరి రెండూ అక్కడే దొరుకుతాయి.

టైమ్ అయిందని చీటీ పంపారు. ఒక్క నిమిషం. ల్యాప్‌టాప్‌లు తెచ్చుకున్నారు కదా, తెరవండి. మొన్న మీరు పంపిన రిపోర్టు తాలూకు ఫైలు తీసి సమ్మరీ కొట్టండి. కనిష్ఠం చూడండి.

వెనక వరుసలో ఎవరో తల పట్టుకున్నారు. ఎంత వచ్చిందండీ?